తెల్లగా పడిన ఎముకలు

"వేళ్ళు కాస్త విడదీయండి. అరచెయ్యి పూర్తిగా ఆనించండి. ఆఁ, అంతే. ఇక కదలొద్దు."

ఆయన తెర వెనక్కి వెళ్ళి మీట నొక్కాడు. యంత్రం ఒక్క క్షణం బుర్రుమని ఊరుకుంది. బల్ల మీద చెయ్యి పెట్టిన తాపీమేస్త్రి మాత్రం ఇంకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు.

"చేతికి తీస్తుంటే ఊపిరి ఆపడమెందుకయ్యా? వదిలెయ్, పోతావ్," అన్నాడాయన.

ఇరవయ్యారేళ్ళుగా ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తున్న ఆయన్ని ఆయాల దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరూ 'కదలొద్దు బాబాయి' అనే పిలుస్తారు. అసలు పేరు ఎవరికీ గుర్తున్నట్టు లేదు. పొట్టి మనిషి. సీసం పొదిగిన బరువైన కోటు మోసీ మోసీ ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. ఒళ్ళు దాచుకోడు, ఎవరినీ విసుక్కోడు. ఉన్న గర్వమల్లా ఒక్కటే: బొమ్మ ఒక్కసారికే కుదరాలి. మళ్ళీ తీయడమంటే ఆయనకు తల కొట్టేసినట్టుంటుంది. మిగతావాళ్ళు వారానికి పది ఫిల్ములు పాడుచేస్తారు. ఆయన చేతిలో ఏడాదికి ఒకటి పాడైతే గొప్ప.

మేస్త్రి వెళ్ళాక వరసలో తరవాతి మనిషిని పిలిచాడు. వచ్చింది ఆయన భార్యే. పొద్దున ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు గానీ, ఇక్కడ ఆమె కూడా అందరితో పాటు చీటీ తీసుకుని బయట బెంచీ మీద కూర్చుంది. నా మొగుడు లోపలున్నాడని వరస దాటే మనిషి కాదు.

ఆమె జడ కొంచెం పక్కకు పోయి ఉంది. అది ఆయన వేసిన జడ. మూడు నెలలుగా పొద్దుటిపూట ఆమె వేళ్ళు ముడుచుకోవు. వేన్నీళ్ళ గ్లాసు రెండు అరచేతుల మధ్య పెట్టుకుని గంటసేపు కూర్చుంటే గానీ చెంచా పట్టుకోలేదు. అందుకని జడ వెయ్యడం ఆయన పని అయింది. ఇన్నేళ్ళ సంసారంలో ఆ జుట్టు ఇంత ఒత్తుగా ఉంటుందని ఆయనకు తెలియనే తెలియదు.

"ఎక్కడ పెట్టమంటారు?" అందామె, తెలియనట్టు.

"ఇక్కడ. కదలొద్దు."

ఆమె నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు. ఆ చేతులు బల్ల మీద పెట్టి ఉన్నాయి. దర్జీ దుకాణం నుంచి చొక్కాలు ఇంటికి తెచ్చుకుని కాజాలు కుట్టిన చేతులు. మిషను కాజాలంటే ఆమెకు గిట్టదు, చచ్చిన చేప కళ్ళలా ఉంటాయంటుంది. ఆమె కుట్టిన కాజా చొక్కా చిరిగినా చిరగదని దర్జీ ఊరంతా చెప్పుకునేవాడు. పిల్లలు లేని ఇంట్లో ఆమెకు తోడంటే ఆ పనే. వేళ్ళు వాయడం మొదలైన రోజు నుంచీ ఆమె డాక్టరును అడిగింది ఒక్కటే, "కుట్టుకోగలనా?" అని.

గోడ మీద ఆయన స్వయంగా రాసి అంటించుకున్న పట్టిక ఉంది. ఛాతీకి ఇంత, మోకాలికి ఇంత, పెద్దల చేతికి ఇంత, పిల్లల చేతికి ఇంత అని కిరణాల మోతాదు. ఆ పట్టిక ఆయనకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. అయినా ఇవాళ రెండుసార్లు చూసి, పెద్దల చేతి మోతాదు పెట్టి, మీట నొక్కాడు.

ఆరు నెలల కిందట ఇదే బల్ల మీద ఇవే చేతులకు పిల్లల మోతాదు పెట్టాడు.

కావాలని కాదు, పొరపాటునా కాదు. వేలమందికి లెక్కచెయ్యకుండా వదిలిన కిరణాలు తన మనిషి మీద వదలాల్సి వచ్చేసరికి చెయ్యి వెనకాడింది. ఎంత చిన్న చేతులు, ఇంత చాల్లే అనుకున్నాడు. ఫిల్ము కడిగి చూస్తే చుట్టూ కాటుకలా ఉండాల్సిన నలుపు పొగ రంగులో ఉంది. మోతాదు తగ్గితే అంతే, బొమ్మంతా పలచబడి ఎముకలు ఉన్నదానికంటే తెల్లగా, గట్టిగా కనబడతాయి. ఇది నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా తెలుసు. ఇంకెవరిదైనా అయితే మళ్ళీ పిలిచి తీసేవాడే. ఆమెకు ఇంకోసారి కిరణాలు తగలనివ్వడం ఇష్టంలేకపోయింది. అదీగాక, ఆ తెల్లటి ఎముకల్ని చూస్తుంటే ప్రాణం లేచివచ్చింది. చూడ్డానికి అంత బాగున్నదాన్ని తప్పు అనడానికి ఆయనకు నోరు రాలేదు.

ఇవాళ్టి ఫిల్ము చీకటిగదిలోంచి తెచ్చి వెలుగుపెట్టె మీద పెట్టాడు. నలుపు నలుపులా ఉంది. వేళ్ళ మొదళ్ళలో, కణుపుల దగ్గర, ఎముక తెలుపు తగ్గి బూడిద రంగుకు తిరిగింది. కుడి చూపుడువేలి మొదట్లో అంచు చిన్నగా కొరికినట్టుంది. పాత ఫిల్ము తెచ్చి పక్కన పెట్టాడు. బయటినుంచి ఎవరో "బాబాయ్, ఇంకెంతసేపు?" అన్నారు. ఆయనకు వినబడలేదు.

కీళ్ళ డాక్టరమ్మ రెండు ఫిల్ములూ వెలుగుకు పెట్టి చూసింది.

"ఆరు నెలల్లో ఇంత పోయిందా?" అంది. "రక్తంలో యాంటీబాడీలు మొదటే బాగా ఎక్కువున్నాయి, తెలుసు. ఒంటిని కాపాడాల్సినవే సొంత కీళ్ళమీద పడతాయి బాబాయ్. వాపు పైకి కనబడకముందే ఎముకను తినే కణాల్ని నిద్రలేపుతాయి. కానీ మొదటి బొమ్మలో ఎముక బ్రహ్మాండంగా ఉంది. మీ ఆవిడ గట్టి మందంటే భయపడింది. సరే, ఆరు నెలలు చూద్దాం అన్నాను."

"ఆ బొమ్మ తప్పమ్మా," అన్నాడాయన.

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పిల్లల మోతాదు పెట్టానని, పలచగా వచ్చిందని అప్పుడే తెలుసని, తెలిసీ నోరు మూసుకున్నానని. చెబుతున్నంతసేపూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. డాక్టరమ్మ పాత ఫిల్మును మళ్ళీ వెలుగుకు పెట్టింది.

"ఇది పలచగా ఉందని నాకూ కనబడి ఉండాల్సింది," అంది. "మీరు తీశారు కదా అని రెండోసారి చూడలేదు."

ఆ మాట ఆయన్ని తిట్టినదానికంటే ఎక్కువ కోసింది.

"అప్పుడే గట్టి మందు ఇచ్చుంటే ఆగేదా అమ్మా?"

"కొంత ఆగేది. ఎంతో చెప్పలేను. ఇవాళే మొదలుపెడదాం. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. పోయిన ఎముక మాత్రం రాదు." మందుల చీటీ రాసిస్తూ, "సూదిపని ఇక వద్దని చెప్పండి," అంది.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇద్దరూ ఇంటికి వచ్చారు. అన్నం ఆయనే వండాడు. ఆమె తిన్నాక, ఎదురుగా కూర్చుని చెప్పాడు. డాక్టరమ్మకు చెప్పినప్పుడు తడబడలేదు గానీ, ఇక్కడ ఒక్కో మాటా రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

"నా చెయ్యి పిల్లల చెయ్యిలా కనబడిందా మీకు?" అంది అంతా అయ్యాక.

"చిన్నదే కదా."

ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే తెగి ఏడుపైంది. కళ్ళు తుడుచుకోబోతే వేళ్ళు సరిగా వంగలేదు. మణికట్టుతో తుడుచుకుంది. ఆయన లేచి దగ్గరికి రాబోయి, వచ్చే హక్కుందో లేదో తెలియక ఆగిపోయాడు.

ఏడుపు తగ్గాక ఆమె, "కొన్నాళ్ళు అక్క దగ్గరుంటాను," అంది.

"నేను చూసుకుంటాను కదా. సెలవు పెడతా."

"కోపమొచ్చి కాదండీ. కోపమైతే ఇక్కడే కూర్చుని నాలుగు తిట్టేదాన్ని. పొద్దుట్నించీ మీరు నా చేతులకేసి చూస్తున్న చూపుందే, అది పడలేకపోతున్నా. నొప్పి పడగలను."

"ఎన్నాళ్ళు?"

"ఏమో."

ఆయన లేచాడు. చీరలు మడతపెట్టి సంచిలో సర్దాడు. కొత్త మందులు విడిగా కట్టి, ఏది ఎప్పుడు వేసుకోవాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాశాడు. జడ విప్పి మళ్ళీ వేశాడు. ఈసారి తిన్నగా వచ్చింది. ఆమె వెనక్కి తడిమి చూసుకుని, "కుదిరింది," అంది.

అయిదు గంటల బస్సులో ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. బస్సు కదిలేటప్పుడు ఊపుదామని అలవాటుగా చెయ్యి పైకెత్తింది. ఆయన చూస్తున్నాడని గుర్తొచ్చి, దించేసి, కొంగు కింద దాచుకుంది. ఆయన తల తిప్పుకున్నాడు. తిప్పుకోకపోతే బాగుండేదని బస్సు మలుపు తిరిగాక అనిపించింది.

ఇంటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. దర్జీకి తిరిగి ఇచ్చేయమని ఆమె చొక్కాల మూట కట్టి మంచం మీద పెట్టి వెళ్ళింది. ముడి వదులుగా ఉంది. గట్టిగా కట్టే బలం ఆ వేళ్ళలో ఉండదు కదా. బిగిద్దామని విప్పాడు. అన్నీ ముట్టుకోని చొక్కాలే, పైనున్న నీలం రంగుది తప్ప. దానికి మెడ దగ్గర్నుంచి అయిదు కాజాలు ఉన్నాయి. మొదటిది ఎప్పటిలా ఉంది. కిందికి వచ్చేకొద్దీ కుట్లు దూరదూరంగా పడ్డాయి, వంకర తిరిగాయి, అయిదోదాంట్లో రెండుచోట్ల సూది గుచ్చి విప్పిన చిల్లులున్నాయి. ఆరో కాజాకు బ్లేడుతో గాటు పడింది గానీ కుట్టు పడలేదు, కోసిన అంచున నీలం నూలుపోగులు అప్పుడే ఒక్కొక్కటిగా ఊడివస్తున్నాయి.