వెనక నుంచి పిలిచిన రోజు

“ఆ లారీవోడు నిన్ను సూడకపోతే ఏటైపోతావే ఈశ్వరీ?”

అనేశాక తవిటమ్మ నాలుక కరుచుకుంది. కూతురు చేపల బుట్ట కట్టుకుని, నిలబడి నడిపే ఆ చిన్న కరెంటు బండి మీద అప్పుడే వాకిలి దాటుతోంది. వేటకు బయలుదేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని వాళ్ల పల్లెలో పసిపిల్లలకు కూడా తెలుసు.

వల బాగుచేసుకుంటున్న తవిటమ్మ మొగుడు కూర్మయ్య నవ్వాడు. “అది సేపలమ్ముకోడానికి భోగాపురం ఎల్తన్నాదే, సముద్రం మీదికి కాదు. ఆ పట్టింపు పడవలకే గానీ బండ్లకి లేదు.”

“నీకేటి, నవ్వుతావు!”

ఇలాంటి బండి రోడ్డెక్కకూడదని ఆమధ్య పోలీసులు దాన్ని పట్టుకుపోయారు. ఇప్పుడు రోడ్డు అంచున నడుపుకోవచ్చని అనుమతి వచ్చాక తిరిగి ఇచ్చారు. ఆ సంగతి లారీలవాళ్లకు ఎవరు చెప్పారన్నదే తవిటమ్మ బెంగ.

ఫోన్ చేసింది. ఈశ్వరి ఎత్తలేదు. మళ్లీ చేసింది. పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వచ్చినా లేవలేదు. ఈసారీ పోలీసులే ఆపి ఉంటే బాగుణ్ను, బండి పోయినా పిల్ల మిగులుతుందనుకుంది. కూర్మయ్య కూడా నవ్వడం మానేసి వల పక్కన పెట్టాడు.

ఎండ అరుగెక్కాక ఫోన్ మోగింది.

“ఏటమ్మా, అన్నిసార్లు? బండి నడుపుతూ ఫోనెత్తకూడదు గదా! బండి ఆపగానే బేరాలొచ్చేసినాయి. సేపలన్నీ అయిపోనాయి. లారీవోడైతే, పాపం, ఆగి మరీ దారిచ్చినాడు.”