వెయ్యి గంటల గీత

మా ఇంట్ల బాంబు ఉన్నదని మగ్గపోళ్లుండే మా లింబాయత్ గల్లీల పుకారు పుట్టించింది ఎవరో కాదు, నేనే.

నా బిడ్డ నీరజ బ్యాటరీల మీద రీసెర్చ్ చేస్తది. కరోనా రెండోసారి ముదిరి కాలేజీ మూసేటప్పుడు, అక్కడ చేసిన రూపాయి బిళ్లంత బ్యాటరీలను, వాటిని పరీక్షించే డబ్బాను సార్‌ను అడిగి ఇంటికి తెచ్చుకున్నది. వెయ్యి గంటలు ఆగకుండ వాటిల కరెంటు అటూ ఇటూ పారాలె. నడుమ ఆగితే అంతా మళ్ల మొదటికే. లోపల లిథియం ఉన్నదనంగనే నాకు ముద్ద దిగలే. ఫోన్లు పేలిన వార్తలు చూస్తనే ఉంట గద! నల్లా కాడ పక్కింటి సుమనకు చెప్పుకొని ఏడ్చిన. ఆ మాట గల్లీ తిరిగి బాంబైంది.

"వీటిల నిప్పంటుకునే ద్రవం లేదమ్మా, అంతా గట్టిదే" అన్నది నీరజ.

"మరి ఆ డబ్బా ముందటికెళ్లి లేవనే లేవవు, నీ భయం దేనికి?"

"లోహమూ ఆ గట్టి పొరా తాకే కాడ. అక్కడ లిథియం పోగులు పోగులుగ లేస్తది. పొర చీల్చుకొని అవతలికి తగిలితే ఖతం, కంప్యూటర్ల వోల్టేజి చూపే ఈ గీత దభీమని పడిపోతది. అందుకే నడుమ సన్నగ పూత పూసిన."

పెండ్లికి ముందు సిరిసిల్లల మగ్గం పడుగు నూలుకు గంజి పట్టిన చేతులు నావి. "పల్చనైతే నూగు లేస్తది, మందమైతే పెళుసై పగులుతది. చూసి పూసినవా?" అన్న.

"నువ్వే మా సార్‌వైతే బాగుండు" అని నవ్వింది.

తొమ్మిది వందల అరవై గంటలైనయి. ఇంటి ఓనరు, మగ్గాల కార్ఖానా నడిపే గంగారాం మాస్కు గదుమ కిందికేసుకొని వచ్చిండు. "ఏంది చెల్లె, నా ఇంట్ల బాంబా? ఫ్యూజు పీకుత, జరుగు."

మెట్ల కింద మీటరుకు వీపు ఆనించి నిలబడ్డ.

"నువ్వే గద అన్నవ్!"

"అన్న. భయంతోని నోరు జారిన. భయం ఇప్పటికీ ఉన్నది. అయినా ఫ్యూజు ముట్టనియ్య. నీ మగ్గాల కాడ మోటార్ల మీద నూలుదుమ్ము బెత్తెడు పేరుకున్నది. ముప్పై మందిని లోపల పెట్టి షట్టర్ దించుతవ్. ముందు ఆ బాంబు తియ్యి, అన్నా. మాస్కు గూడ ముక్కు మీదికి గుంజు."

అరుగు మీది మగ్గపోళ్లు కిసుక్కుమన్నరు. గంగారాం మొఖం ఎర్రగైంది. "ఇల్లు ఖాళీ చెయ్యి!"

"చేస్త. ఎల్లుండి, అది ముగిసినంక."

గొణుక్కుంట పోయిండు. మళ్ల వస్తడని నాకు తెలుసు. స్టూలు తెచ్చి మీటరు ముందేసుకొని కూసున్న. నీరజ అన్నం గిన్నె పట్టుకొని వచ్చింది.

"గీత ఎట్లున్నది బిడ్డా?"

"సాపుగనే ఉన్నది. కానీ ఇంకో గంటల పడిపోవచ్చమ్మా."

"పడనియ్యి. నీ పూత ఆగక పడితే మళ్ల పూస్తవు. వాని చెయ్యి తగిలి మాత్రం పడొద్దు."

గిన్నె అందుకొని, స్టూలు ఇంకింత వెనుకకు, మీటరు గోడకు ఆనేటట్టు జరుపుకున్న.