చూరున్న అక్షరం

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. రామచంద్రరావు, ఆయన భార్య కాత్యాయని, పదో తరగతి చదివే కూతురు నిఖిత, వంటపని చేసే గౌరవ్వ. భోజనానికి రామచంద్రరావు ఆఫీసు ముదీరు, అంటే పై మేనేజరు, వస్తున్నాడు.

గౌరవ్వ అప్పటికే చింతపండు పిసుకుతోంది. దగ్గు వచ్చినప్పుడల్లా మోచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు వినపడకుండా సింకులో నీళ్ళు వదులుతోంది. కరోనా వచ్చిన మరుసటి ఏడు, జనవరి. దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ముసురు పట్టింది. ఇంతకుముందున్న పనిమనిషిని దగ్గుతోందనే ఇండియా పంపేశారు. గౌరవ్వది ఆ దగ్గు కాదు. చిన్నప్పటినుంచి బీడీలు చుట్టగా ఊపిరిలో చేరిన పొగాకు దుమ్ము. తనను కూడా పంపేస్తే, ఊళ్ళో ఇంటర్ చదువుతున్న కూతురు కల్పన ఒళ్ళోకి ఆ బీడీల చాట వచ్చి చేరుతుంది.

వాన వల్ల ఎడారి షికారు ఆగిపోయింది. అందుకోసం దుబాయ్‌లోని డేరా బజారులో కొన్న బొగ్గుల కుంపటిని వంటింటి బాల్కనీలో వెలిగించమన్నాడు రామచంద్రరావు. అట్టపెట్టె మీద అన్నీ చైనా అక్షరాలే.

"ఇంగ్లీషు రాసినవన్నీ మనకి అంటగట్టే చెత్త. ఇది వాళ్ళకోసం వాళ్ళు చేసుకున్నది. అసలు సరుకు!" అన్నాడు మురిపెంగా.

"మరి ఎలా వాడాలో ఎవరు చదువుతారు నాన్నా?"

"చదివేదేముందే? వాళ్ళవి అక్షరాలా ఏమన్నా, బొమ్మలు. మన గౌరవ్వైనా చెప్పేస్తుంది."

ఆయనకు అది పాత వేళాకోళమే. గౌరవ్వ మాత్రం మొదటిసారి విన్నప్పుడే నమ్మింది. సంతకం చేయమంటే బొటనవేలు చాపే మనిషికి, చదవగలిగే రాత ఒకటి దొరికింది. రైస్ కుక్కర్ అడుగునా, చెప్పుల పెట్టెల మీదా వెతికి వెతికి చూసేది. కిందటి వారమే ఫోనులో కూతురికి చెప్పింది.

"నాకు చైనా సదువు వస్తది బిడ్డా."

"తెలుగే రాదు నీకు, చైనా సదువట!" కల్పన పకపకా నవ్వింది.

"నవ్వు, నవ్వు. రెండు కాళ్లుంటే మనిషి. నాలుగు దిక్కుల గీతలుంటే కిటికి. అన్ని బొమ్మలే గదనే."

ముదీరు వచ్చాడు. గౌరవ్వ కుంపటి మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి పంపింది. బొగ్గుల వేడి గుండెకు తగులుతుంటే హాయిగా అనిపించింది. వంటింట్లోకి రాగానే ఒళ్ళు వణికి, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కాత్యాయని పరుగున వచ్చింది.

"గౌరవ్వా! ముదీరుగారు తినడం ఆపి మాస్కు పెట్టేసుకున్నారు. స్టోర్ రూములోకి పో. ఇంకొక్కసారి వినపడిందంటే సారు నీకు టికెట్ తీసేస్తారు, చెప్తున్నా."

"ఆగుతదమ్మా. జర ఎచ్చగుంటె సాలు."

స్టోర్ రూముకి కిటికీ లేదు. బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, వాటి మధ్య ఆమె చాప. చల్లటి గాలి వచ్చే ఏసీ కంతలో ఆమె ఎప్పుడో పాత తువ్వాలు కుక్కింది. బాల్కనీలోకి వెళ్ళి, అట్టపెట్టె ముందు వంగింది. కుంపటి గదిలో పెట్టుకోవచ్చో లేదో చూడాలి కదా. మసి అంటిన బొటనవేలు మొదటి అక్షరం మీద ఆన్చింది. పైన గుడిసె చూరులాంటి గీత. దాని కింద సామాను సర్దినట్టు మరికొన్ని గీతలు. ఇల్లు. ఇంట్లో పెట్టుకునేదే. పక్కన ఇంకో అక్షరం ఉంది. అది ఏ బొమ్మలానూ అనిపించలేదు. వదిలేసింది.

కుంపటి చెవులు గుడ్డతో పట్టుకుని లోపలికి తెచ్చింది. పెట్టెను కూడా కాలితో నెట్టుకొచ్చి, గదిలో చోటు చాలక గుమ్మం బయట ఆనించింది. తలుపు వేసుకుని, చాప మీద ముడుచుకుని పడుకుంది. వెచ్చదనం వీపంతా పాకింది. తల కొంచెం బరువెక్కింది. దగ్గు నిజంగానే ఆగిపోయింది.

టీ వేళకు నిఖిత తలుపు తోసింది. "గౌరవ్వా, అమ్మ పిలుస్తోంది." భుజం పట్టి కుదిపింది. తర్వాత అరిచింది.

రామచంద్రరావు కుంపటిని బాల్కనీలోకి లాగేశాడు. గౌరవ్వ ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి తగల్లేదు. అంబులెన్సుకు ఫోను చేయసాగాడు. నిఖిత తన ఫోనులో అనువాదం యాప్ తెరిచి కెమెరాను పెట్టె మీదికి తిప్పింది. చూరున్న అక్షరానికి 'గది' అని వచ్చింది. పక్కదానికి 'బయట'.

"గది బయట మాత్రమే వాడండి," పైకి చదివింది నిఖిత. "నాన్నా, గది బయట..."

"ఆల్ ఓకే, రావ్?" హాల్లోంచి ముదీరు గొంతు.

కాత్యాయని కూతురి చెయ్యి పట్టి ఇవతలికి లాగింది. చాప మీది గౌరవ్వ వైపు చూడకుండా తలుపు మూసేసింది.

గుమ్మం పక్కన అట్టపెట్టె ఉంది. చూరున్న అక్షరం మీద నల్లటి వేలిముద్ర.