సరంగుగారి గ్రాఫిక్స్ కార్డు

టోర్లైవ్ ముప్పై ఒక్క ఏళ్ళు మా సముద్రపు పాయ మీద పంటు నడిపాడు. కార్లూ లారీలూ ఎక్కించుకుని హెస్ట్‌విక్ రేవు నుంచి రౌద్నెస్ రేవుకి, అక్కణ్ణుంచి మళ్ళీ ఇటు. అదే పంటు మీద పందొమ్మిదేళ్ళు నేను అట్లు పోసి అమ్మాను. వంతెన కట్టాక పంటు ఆపేశారు. నేను పంచాయతీ ఆఫీసులో చేరాను. ఆయన ఇంట్లో కూర్చున్నాడు.

కిందటి మార్చిలో ఒక ఆదివారం ఫోను చేశాడు.

"మాగ్నీ, నువ్వు ఆఫీసులో కంప్యూటర్ మీదే కదా పని చేస్తావు? గ్రాఫిక్స్ కార్డు అంటే ఏంటి?"

"నేను దాంట్లో నీళ్ళ మీటర్ల లెక్క ఎక్కిస్తాను సరంగూ. దాని కడుపులో ఏముందో నాకేం తెలుసు?"

"అయినా ఓసారి రా."

వెళ్ళాను. ఓడలు నడిపే కంప్యూటర్ ఆట ఒకటి ఉంది. అందులోకి జర్మనీలో ఎవరో సరదాకి మా పంటునీ, మా పాయనీ అచ్చు గుద్దినట్టు దింపారట. టోర్లైవ్ తన పాత కంప్యూటర్లో దాన్ని ఎక్కించుకున్నాడు. అయితే చుక్కాని తిప్పాక మనం నాలుగు అంకెలు లెక్కపెడితే గానీ పంటు కదలదు. నా కళ్ళముందే మూడుసార్లు ఒడ్డుని ఢీకొట్టాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క గీత పడనివ్వలేదు నేను!" చెవులు ఎర్రబడ్డాయి పాపం. "కార్డు మార్చాలట. మూడు వారాల్నుంచి ఇంటర్నెట్లో చదువుతున్నా, బుర్ర తిరిగిపోతోంది. అన్నిటికీ నాలుగంకెల పేర్లు. పెద్ద నంబరు మంచిదనుకున్నా. కాదట. ముందు రెండంకెలు ఏ తరమో చెప్తాయట, తర్వాతి రెండూ హోదాట. పాత తరంలో పెద్దది కొత్త తరంలో చిన్నదానికంటే మేలని ఒకడంటాడు. వాడి మాట వినకండని కిందనే ఇంకొకడు. మెమరీ ఎక్కువున్నదే కొనమంటారు, మళ్ళీ మెమరీ చూసి మోసపోకు అంటారు. ఇంజనైతే హార్స్‌పవర్ ఎంతంటే చెప్తారు కదా!"

నాకూ అయోమయంగానే ఉంది.

మర్నాడు సాయంత్రం నా కారులో పట్నంలో కంప్యూటర్ల కొట్టుకి వెళ్ళాం. కౌంటర్లో నలభై ఏళ్ళావిడ, కళ్ళజోడు తలమీదకి తోసుకుని, ఓపిగ్గా అడిగింది.

"మీ పవర్ సప్లై ఎన్ని వాట్లండీ?"

"గోడకి గుచ్చుతామండీ. రెండొందల ముప్పై వోల్టులు."

"అది కాదండీ, డబ్బా లోపల ఉండేది."

"లోపల కూడా ఉందా?"

"కార్డు ఎంత పొడుగు పడుతుంది లోపల?"

ఆయన నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆవిడ నవ్వాపుకుని, "ఇంటికెళ్ళి మూత తీసి కొలుచుకుని రండి," అంది.

మూత తీస్తే లోపల పిల్లి పడుకుని లేచినట్టు దుమ్ము. టేపు పెట్టి ఆయన కొలిస్తే ఇరవై మూడు సెంటీమీటర్లు, నేను కొలిస్తే ఇరవై ఒకటి. పవర్ సప్లై మీద చీటీలో మూడొందల వాట్లని ఉంది. అది ఎక్కువో తక్కువో ఇద్దరికీ తెలీదు. అన్నీ రాసుకుని శనివారం మళ్ళీ వెళ్ళాం.

"పెద్ద కార్డు పెడితే పవర్ సప్లై మార్చాలండీ," అంది ఆవిడ. "అప్పుడు మీ ప్రాసెసర్ దాంతో సమానంగా పరిగెత్తలేదు. అది మారిస్తే బోర్డు కూడా మార్చాలి."

"మరి నా పాతదాంట్లో మిగిలేదేంటండీ?"

"డబ్బా. అదీ పొడుగు చాలదు."

టోర్లైవ్ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడు అడిగింది ఆవిడ, అసలు దేనికండీ అని. ఆయన చెప్పాడు. పంటు పేరు, దాని పొడుగు, ఎదురుగాలిలో దాన్ని రేవుకి ఎలా చేర్చాలో కూడా చెప్పాడు. అంతా విని ఆవిడ వెనక అరలోంచి అరచేతి పొడుగు కార్డు తీసింది.

"ఒక్క పంటుకైతే ఇది చాలండీ. దీనికి వేరే కరెంటు వైరు కూడా అక్కర్లేదు."

ఇంటికొచ్చి కార్డు బిగించి స్విచ్చి వేశాం. తెర నల్లగా ఉండిపోయింది.

"చంపేశాం మాగ్నీ," అన్నాడు.

తీశాం, పెట్టాం. ఊడదీసి, దుమ్ము ఊది, మళ్ళీ పెట్టాం. అదే నలుపు. విసిగిపోయి వెనక్కి వంగి చూస్తే ఒకేలాంటి చిల్లులు రెండున్నాయి, పాతది పైన, ఇంకోటి కొత్త కార్డు మీద. తెర వైరు పైదాంట్లో ఉంది.

"సరంగూ, తాడు ఇంకా పాత రేవుకే కట్టి ఉంది!"

వైరు మార్చగానే తెర వెలిగింది. ఆటలో పంటు ఎంత నున్నగా కదిలిందని! నీటిమీద ఎండ మెరుస్తోంది, వెనకాల నురగ విడిపోతోంది. టోర్లైవ్ వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. పాయ మధ్యకి వచ్చేసరికి చటుక్కున ఇంజను ఆపేశాడు.

ఎదురుగా వంతెన.

"ఇది నిన్నటిదాకా లేదే!"

ఉండే ఉంటుంది. దూరపువన్నీ గీయడం పాత కంప్యూటర్ తరం కాక, ఆటే వాటిని వదిలేసి ఉంటుందని నాకు తోచింది, చెప్పాను. ఆయన ఆటలో బొమ్మల సెట్టింగు తగ్గించమన్నాడు. తగ్గించాను. వంతెన పోయింది. దాంతోపాటు గుట్టమీద తెల్ల చర్చీ, పడవల కొట్టాలూ పోయాయి. పెంచమన్నాడు. అన్నీ వచ్చాయి. నాలుగైదుసార్లు అలా తగ్గించీ పెంచీ చూశాం.

"ఏది సరైందంటావ్?"

నాకేం తెలుసు? చర్చి లేని పాయ మా పాయ కాదు. పంటు నడిచే రోజుల్లో వంతెన లేదు. ఆ రెండు మాటలూ చెప్పాను. ఆయన చివరికి పెంచే ఉంచి, వంతెన కిందుగా పోనిచ్చి, రౌద్నెస్ రేవుకి కుదుపు లేకుండా ఆనించాడు. సంతోషమో బాధో ఆయన మొహంలో నాకు అంతు చిక్కలేదు. ఆయనకీ తెలిసినట్టు లేదు.

బుధవారం ఆఫీసుకి ఫోను.

"మాగ్నీ, కార్డు పెట్టిన దగ్గర్నుంచి ఇంజను చప్పుడు రావట్లేదు. సౌండ్ కార్డని ఇంకోటుందటగా?"

"నువ్వేమీ కొనకు," అన్నాను. "ఏ వైరూ ముట్టుకోకు. నేనొస్తున్నా."