చెరువు ఎండేదాకా

“తెల్లగడ్డలు దంచకుండా యాల ఏసినావు మ్మే? చారా ఇది, కషాయమా?” అంటూ మునిలక్ష్మమ్మ గరిటెను ఠంగుమని గట్టు మీద పెట్టింది.

“దంచితే ఘాటంటారు, దంచకుంటే సప్పగుందంటారు. మీరే చేసుకోండత్తా,” అని యమున ఉతికిన బట్టల బకెట్టు తీసుకొని మిద్దె ఎక్కింది. కోపమేమీ లేదు. అత్త మాట్లాడకుండా ఉండే రోజులంటేనే ఆమెకు భయం.

యమున భర్త రాజేంద్ర, శాంతిపురం గ్రానైటు నమూనాలు తీసుకొని తొంభై ఏడులో విదేశానికి పోయాడు. అక్కడ అతనెక్కిన విమానం ఒక పెద్ద సరస్సు మీదికి పోయి మళ్లీ కనబడలేదు. ఏమైందో ఎవరూ చెప్పలేకపోయారు. ముక్క కూడా దొరకలేదు.

కబురు పుంగనూరులో ఇంటికి చేరిన రోజు మునిలక్ష్మమ్మ, “చెరువే కదా! ఎండాకాలం ఎండిపోతాది. అప్పుడు బయటపడకుండా యాడికి పోతాది?” అన్నది. ఏటా చెరువులు నెర్రెలిచ్చే సీమలో పుట్టిన మనిషి. ఆ సరస్సువి అవతలి గట్టు కనబడని నీళ్లని, ఏ ఎండకూ తరగవని బీఏ చదివిన యమునకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. చెరువు ఎండేదాకా కర్మకాండ మాట ఎవరూ ఎత్తరు. అంతవరకూ తన నుదుట బొట్టుంటుంది. అత్త ఆశ చాటున దాక్కున్నట్లు ఒక్కోసారి సిగ్గేసేది. అట్లాగే రెండు ఎండాకాలాలు గడిచాయి.

ఆ రోజు అమావాస్య. యమున బకెట్టులోని చీరలు ఆరేసి వాటి వెనక ఉండగా మునిలక్ష్మమ్మ మిద్దె మీదికొచ్చింది. ఆకులో తెచ్చిన చారన్నం పిట్టగోడ మీద పెట్టి, “కా... కా... రా నాయనా, తెల్లగడ్డలు దంచే ఏసినాలే,” అని పిలిచింది.

తిరిగేసరికి ఎదురుగా కోడలు.

“ఊరికే... కాకులు అరుస్తాండాయని.”

“ఎప్పటినుంచి అత్తా?”

మునిలక్ష్మమ్మ కొంగుతో ముఖం తుడుచుకున్నది. “పోయిన యాడాది నుంచి. నాకు తెలీక కాదు మ్మే. కర్మ చేయించే అయ్యోరొస్తే ముందు నీ బొట్టు మీదికే వస్తారు. అది నేను సూడలేను. అందుకే చెరువు, చెరువు అంటాండా.”

యమున ఆమె చెయ్యి పట్టుకొని మెట్లు దింపింది.

మామ వెంకటేశులు భోజనానికి కూర్చున్నాడు. యమున అత్తనూ కూర్చోబెట్టి, ఇద్దరికీ వడ్డించి, తనూ కంచం పెట్టుకున్నది.

“మామా, అయ్యోరికి కబురు పంపండి. దర్భలతో ఆయన బొమ్మ చేయించి దహనం చేద్దాం. దిక్కులేనోళ్ల మాదిరి ఆయన్ని అట్లా వదిలేయొద్దు.”

మునిలక్ష్మమ్మ కోడలి నుదుటి వైపు చూసింది.

“నా బొట్టు, గాజులు మాత్రం ఎవరూ ముట్టకూడదు,” అన్నది యమున. “ఆ మాట అయ్యోరికి ముందే చెప్పండి. ఆయన ఒప్పుకోకుంటే, ఇంకో అయ్యోరిని చూద్దాం.”