ఫ్రిజ్‌లో దాచిన ముద్ద

ఎర్సీలియా ఆదివారం భోజనానికి టమాటా ముక్కల మధ్య మొజరెల్లా చీజ్ చిరుముద్దలు సర్దుతోంది. పొద్దున్నే పొగలు కక్కే నీళ్లలో చేతులు ముంచి, సాగే పాలముద్దను వేళ్లతో తుంచి తుంచి చేసినవి. చేతులింకా ఎర్రగానే ఉన్నాయి. అవెర్సా ఊరంతా మాత్రం వీటిని రఫాయేలే చేతి ముద్దలంటుంది. రఫాయేలే ఆమె మొగుడు, కొట్టులో బల్ల వెనక నిలబడి అమ్మే మనిషి.

ప్రేమించుకునే రోజుల్లో ఆమెనూ ఈ ముద్దల పేరుతోనే పిలిచేవాడు. "నా బొక్కొంచీనో!" నోట్లో పట్టేంత ముద్ద అని. అప్పుడు సిగ్గుపడి మురిసిపోయింది గానీ, ముద్దన్నాక మింగేస్తారని తట్టనేలేదు పిచ్చిదానికి.

తాజావి బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకి. నిన్న మిగిలినవి రొట్టె ముక్కల మధ్య పెట్టి, గుడ్డు సొనలో ముంచి వేయిస్తుంది. పొయ్యి దగ్గర నిలబడి ఆమె తినేది ఆ వేపుడే. తనకోసం ప్రతివారం ఒక తాజా ముద్ద గిన్నెలో తీసిపెట్టుకుంటుంది. వేపుడు ముగించి వచ్చేసరికి గిన్నె ఖాళీ. "రోజూ వాటిలోనే మునిగి తేలుతావు, నీకింకా మోజేంటి?" అనేవాడు రఫాయేలే. "వండేవాళ్లకి వాసనతోనే కడుపు నిండుతుందిలే," అనేది అత్తగారు ఇమ్మకొలాతా. అందరూ నవ్వేవాళ్లు. అంతమంది మధ్య ఆమెకెంత ఒంటరిగా ఉండేదో అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు.

ఈరోజు ఐసు కోసం ఫ్రిజ్ తెరిచిన అత్తగారు కెవ్వుమంది. "మొజరెల్లాని ఫ్రిజ్‌లో పెట్టిందెవరు? ఎవరి పాపమిది?"

లోపల గిన్నెలో ఒకే ఒక్క ముద్ద. చలి తగిలితే దాని రుచి చచ్చిపోతుందని ఆ ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు.

రఫాయేలే తల పట్టుకున్నాడు. "చంపేశావు కదే! ఇన్నేళ్లుగా చేస్తున్నావు, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు. తెలిసే పెట్టాను," అంది ఎర్సీలియా. "ఈ ఇంట్లో మీరెవరూ ముద్ద కోసం వెతకని చోటు అదొక్కటే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె పొయ్యి మీద వేపుడు వదిలేసి గిన్నె అందుకుని, కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. ముద్ద చల్లగా, గట్టిగా, చప్పగా ఉంది. ఏడుపొచ్చింది. అయినా నెమ్మదిగా నమిలి మొత్తం తింది. రేపు తుంచే మొదటి ముద్ద వేడినీళ్ల తొట్టి దగ్గరే, వెచ్చగా ఉండగానే తినాలనుకుంది.

"వేపుడు మాడుతోంది, చూడు," అన్నాడు రఫాయేలే.

"నువ్వు చూడు," అంది లేవకుండా.