ఏసుమణి ఆదివారం పాట

చోడవరంలో ఎవరింట్లో మనిషి పోయినా ముందు ఏసుమణికే కబురెళ్ళేది. చేస్తున్న పని ఆపి, చీర మార్చుకుని, పాటల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళేది. ఆవిడ పాట ఎత్తుకోగానే పోయిన మనిషి లేచి కూర్చునేవాడు. పాటయ్యేదాకా వినేవాడు. అయ్యాక పడుకునేవాడు, మరి లేచేవాడు కాదు.

పోయిన మనిషి లేస్తే ఏం చెయ్యాలి? పట్టుకుని ఏడవాలి కదా. అబ్బే! పొలం కాగితాలెక్కడ పెట్టేవు, బీరువా తాళం ఎవరికిచ్చేవు అని చెవిలో అరిచేవారు. ఛీ, ఏం మనుషులో! కె.కోటపాడు నుంచి బండి కట్టుకొచ్చి మరీ, కాస్త పెద్ద పాట పాడమ్మా అని బతిమాలేవారు. పాట బాగుందని ఇరవయ్యేళ్ళలో బతికున్నవాడొక్కడూ అనలేదు.

ఆవిడకున్న కోరిక ఒక్కటే. ఆదివారం చర్చిలో ముందు నిలబడి పాడాలి. సంఘపెద్ద శాంతిరాజు పాడనిచ్చేవాడు కాదు. శవాల దగ్గర పాడే నోరు ఆరాధనకి పనికిరాదనేవాడు. శకునాలు నమ్మకూడదని ప్రసంగించేదీ ఆ పెద్దమనిషే. తన కోడలిచేత పాడించేవాడు. ఆవిడ పాడుతుంటే చర్చిలో సగంమంది కునుకు తీసేవారు.

పంతొమ్మిదొందల డెబ్బై ఆరులో శాంతిరాజు పోయేడు. కొడుకు సత్యరాజు పరిగెత్తుకొచ్చి, కాగితాల సంగతి అడగాలి, వేగం రమ్మన్నాడు. తండ్రి పోయిన బాధ ఆ మొహంలో మచ్చుకైనా లేదు.

ఏసుమణి పాట ఎత్తుకుంది. శాంతిరాజు లేచి కూర్చున్నాడు. కొడుకు నోరు తెరిచేలోగా, పల్లవి అయ్యి ఊపిరి తీసుకునేచోట ఆవిడే అడిగింది.

"ఆదివారం నన్ను పాడమంటారా బాబూ?"

శాంతిరాజు కళ్ళమ్మట నీళ్ళు కారేయి. "ఇన్నాళ్ళూ నీ పాట విన్లేదు తల్లీ. ఇయ్యాలే విన్నాను. ఇకమీదట ఆదివారాలు నువ్వే పాడు" అన్నాడు, అందరూ వింటుండగా.

ఆవిడ చరణం అందుకుంది. సత్యరాజు తండ్రి భుజం పట్టి కుదిపి కాగితాలేవని అడిగేడు. ఆయన పాటలో ఉన్నాడు, తలూపుతూ వింటున్నాడు. ఒక్క చరణంతో ఏసుమణి పుస్తకం మూసేసింది. ఆయన పడుకున్నాడు. ఇంకొక్క చరణం పాడమని సత్యరాజు కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆదివారం వచ్చి వినమని చెప్పి ఆవిడ ఇంటికి పోయింది.

పోయినాయన మాట కాదనే దమ్ము సంఘంలో ఎవడికుంది? ఆదివారం ఏసుమణే పాడింది. ఒక్కడూ కునుకు తియ్యలేదు.

ఆ మర్నాడు మాడుగుల నుంచి ఒకాయన దిగేడు. తల్లి పోయిందట, అరకేజీ హల్వా పట్టుకుని మరీ వచ్చేడు. ఏసుమణి గుమ్మంలోంచే పంపించేసింది.

"మీ అమ్మని పడుకోనీ బాబూ. నాను ఆదివారానికి పాట సూసుకోవాల."